ఎవరి మాట ప్రమాణము?

అశోకవనములో శింశుపావృక్షము క్రింద కూర్చుండిన సీతాదేవికి హనుమంతుడు మొట్టమొదట వినిపించినది రామకథ. నెలల తరబడి రాక్షసస్త్రీల పరుషవాక్యములు తప్ప మరియొకటి వినని ఆ తల్లి చెవులకు ఆ కథ అమృతప్రాయమైనది. అయినను ఆమె వెంటనే నమ్మలేదు. అంతకు మున్నొకసారి కాషాయము ధరించి, కమండలువు చేతబట్టి, వేదఘోష చేయుచు వచ్చిన వానిని అతిథియని తలచి ఆమె మోసపోయి యున్నది. కావున ఈ వానరుడును మాయారూపము దాల్చిన రావణుడేమో యని శంకించినది.

ఆ శంక కలిగిన పిమ్మట ఆమె చేసిన పని మిక్కిలి గమనింపదగినది. ఆమె భయముతో మిన్నకుండలేదు. మాట తియ్యగా నున్నదని లోబడను లేదు. ప్రశ్నించినది. శ్రీరాముని లక్షణము లెట్టివి? లక్ష్మణుని రూప మెట్టిది? నరులకును వానరులకును స్నేహ మెట్లు కుదిరినది? హనుమంతుడు ఒక్కొక్కదానికి సమాధానము చెప్పెను. ఆ తరువాతనే అంగుళీయకమును సమర్పించెను. ముందు ప్రశ్న, తరువాత సమాధానము, ఆపైని గుర్తు. ఈ మూడును సరిపడిన పిదపనే జానకి ఆ దూతను విశ్వసించినది.

సుందరకాండను నిత్యము పారాయణము చేయు గృహములు తెలుగుదేశమున లెక్కకు మిక్కిలిగా నున్నవి. భక్తితో చదువు ఆ ఘట్టమున ఒక గొప్ప విద్య యిమిడియున్నది. మాట యింపుగా నున్నదా యని కాక, అది యెవరిది, వారి కెట్లు తెలిసినది, దానికి గుర్తేమి అని విచారించు విద్య అది. నేడు విశ్వవిద్యాలయములలో ‘డిజిటల్ అక్షరాస్యత’ యని దేనిని పిలుచుచున్నారో, విద్యార్థులందరకు అలవడవలెనని దేనిని కోరుచున్నారో, దాని ప్రాణము ఈ విద్యయే. యంత్రమును త్రిప్పు నేర్పు దానికి శరీరము మాత్రమే.

బొగ్గుగనుల సీమలో

ఈ విషయమును ఆకాశమున నిలిపి చెప్పుటకంటె ఒక ప్రాంతమును ఎదుట నుంచుకొని పరిశీలించుట మేలు. పెద్దపల్లి జిల్లాలో గోదావరీతీరమున రామగుండము, గోదావరిఖని పట్టణములున్నవి. వనవాసకాలమున శ్రీరాముడు సంచరించిన చోటని, అక్కడి కొండమీది గుండములకు ఆ స్వామి పేరే నిలిచినదని స్థలకథ. అదే జిల్లాలో, అదే నది యొడ్డున, మంత్రకూటమని పేరొందిన మంథని తరతరములుగా వేదాధ్యయనమునకు నెలవై యున్నది. ఆ పుణ్యభూమి గర్భమున బొగ్గున్నది. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గుర్తించుటతో మొదలైన చరిత్ర, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీగా రూపొంది, పిమ్మట గోదావరి వెంబడి వ్యాపించినది. గోదావరిఖని పేరులోనే ఖని యున్నది. నేడు ఆ సంస్థలో రాష్ట్రప్రభుత్వమునకు నూటికి 51, కేంద్రప్రభుత్వమునకు 49 వంతుల భాగము గలదు.

ఈ సీమలో తాతలు తట్టా చెమ్మస్ చేతబట్టి బొగ్గు నింపినవారు. తండ్రులు యంత్రముల ప్రక్కన నిలిచి షిఫ్టులు చేసినవారు. ఒకప్పుడు లక్షకు పైబడియుండిన సింగరేణి కార్మికుల సంఖ్య నేడు 40 వేలకు దరిదాపులకు దిగినది. తండ్రి దిగిన గనిలోనికి కుమారుడును దిగి బ్రతుకవచ్చునను భరోసా మునుపటివలె లేదు. కావుననే అక్కడి తల్లిదండ్రులు పిల్లల చదువుమీద ఆశ నిలుపుకొన్నారు. 2008లో కరీంనగరమున శాతవాహన విశ్వవిద్యాలయ మేర్పడినది. సింగరేణి వారి సెంటినరీ కాలనీలో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమువారి మంథని ఇంజనీరింగు కళాశాల నెలకొన్నది. గనికార్మికుల బిడ్డలకు ఉన్నతవిద్య చేరువైనది.

అయితే ఆ విద్యామందిరపు ద్వారమే నేడు అంతర్జాలములో నున్నది. 2016 నుండి తెలంగాణలో డిగ్రీ కళాశాలల ప్రవేశములు ‘దోస్త్’ అను ఆన్‌లైన్ పద్ధతిలో జరుగుచున్నవి. 2018 నుండి ఇంజనీరింగు ప్రవేశపరీక్ష కాగితముమీద గాక కంప్యూటరు ఎదుట కూర్చుండి వ్రాయవలసి యున్నది. ఉపకారవేతనమునకు దరఖాస్తు, పరీక్షరుసుము, హాలుటిక్కెట్టు, ఫలితము, ఉద్యోగప్రకటన అన్నియు అక్కడనే. చేతిలో సెల్‌ఫోను ఉన్న విద్యార్థికి ఇవన్నియు కరతలామలకములని పెద్దలు తలంతురు. అది నిజమా యని విచారింపవలసి యున్నది.

వ్రేలి నేర్పు, విద్య

2001లో మార్క్ ప్రెన్‌స్కీ అను అమెరికా రచయిత, కంప్యూటరుల నడుమ పుట్టిపెరిగిన పిల్లలు ఆ లోకమునకు ‘స్థానికులు’, పెద్దవారు ‘వలసవచ్చినవారు’ అని విభజించి చెప్పెను. పుట్టుకతో వచ్చిన నేర్పును మరల నేర్పనేల యని పలువురు దానిని సిద్ధాంతముగా గ్రహించిరి. కాని అంతకు నాలుగేండ్ల ముందే, 1997లో, ‘డిజిటల్ అక్షరాస్యత’ యను పేరుతోనే గ్రంథము వ్రాసిన పాల్ గిల్‌స్టర్ అను నతడు, ఆ యక్షరాస్యత మీటలు నొక్కుటకు సంబంధించినది కాదనియు, భావములను గ్రహించి తూచుటకు సంబంధించినదనియు స్పష్టము చేసియుండెను.

మన ‘అక్షరాస్యత’ పదమును విడదీసి చూచినను ఇదియే తోచును. ఆస్యమనగా నోరు. అక్షరము ఎవని నోట నిలిచినదో వాడు అక్షరాస్యుడు. కంటితో చూచి వ్రేలితో ముందుకు త్రోయువాడు అక్షరమును నోటికి, అనగా బుద్ధికి, చేర్చినవాడు కాడు.

నిత్యజీవితమున దీనికి నిదర్శనములు సులభముగా దొరకును. ఒక విద్యార్థి దినమునకు నాలుగు గంటలు చలనచిత్రదృశ్యములు చూడగలడు. కాని ధ్రువపత్రమును కోరిన పరిమాణమునకు తగ్గించి దరఖాస్తుకు జతపరచుట యెరుగడు. ఇంటర్నెట్ కేంద్రమునకు పోయి అచ్చటి యువకునకు తన ఆధార్ సంఖ్యను, రహస్యపదమును, ఓ.టి.పి.ని అప్పగించును. దరఖాస్తులో ఆ కేంద్రమువాని ఫోను సంఖ్యయే నమోదగును. సీటు వచ్చినదను సమాచారము ఆ ఫోనుకు చేరును. గడువు తేది దాటిన తరువాత విద్యార్థికి తెలియును. ఒక విద్యాసంవత్సరము గడచిపోవును. ఇచ్చట లోపించినది తెలివి కాదు, ధనమును కాదు. తనదైన తాళపుచెవిని తనయొద్ద నుంచుకొనవలెనను ఎరుక మాత్రమే లోపించినది.

ఇంతకంటె సూక్ష్మమైన లోపము మరియొకటి యున్నది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ఒక పరీక్షావృత్తాంతమును ప్రకటించిరి. పది మంది చరిత్రపండితులను, పది మంది వార్తల సత్యాసత్యములు తనిఖీచేయు వృత్తిలోని వారిని, తమ విశ్వవిద్యాలయ విద్యార్థులను 25 మందిని కూర్చుండబెట్టి, కొన్ని వెబ్‌సైట్లు చూపి, వీనిలో నమ్మదగిన దేదియో చెప్పుడనిరి. విద్యార్థులును, పండితులలో పలువురును ఆ పుటయందే నిలిచి, దాని అలంకారమును, సంస్థ పేరును, ముద్రను చూచి పొరబడిరి. తనిఖీవృత్తివారు మాత్రము ఆ పుటను కొంచెము చూచి వెంటనే వెలుపలకు వచ్చి, దానిని గూర్చి ఇతరు లేమనుచున్నారో వెదకిరి. వారే త్వరగా సత్యమును గ్రహించిరి.

ఇది చిన్న విషయము కాదు. గొప్ప విశ్వవిద్యాలయపు విద్యార్థులును, డాక్టరేటు పొందిన పండితులును వేషమును చూచి మోసపోయినారు. పర్ణశాల ముంగిట నిలిచిన కాషాయమును, కమండలువును, వేదఘోషను మాత్రమే చూచినవారికి రావణుడు సన్న్యాసిగానే కనిపించును. ఆ వేషమునకు వెలుపల నిలిచి విచారించినవారికే వాడెవడో తెలియును.

నాలుగు దోషములు

ఎవరి మాట నమ్మవలెనను ప్రశ్న ఈ దేశమునకు క్రొత్తది కాదు. విశిష్టాద్వైత సంప్రదాయమున ప్రత్యక్షము, అనుమానము, శబ్దము అని ప్రమాణములు మూడు. శబ్దమనగా నమ్మదగిన మాట. పాంచరాత్రాగమము ప్రమాణ మెట్లగునో నిరూపించుటకు యామునాచార్యులవారు ‘ఆగమప్రామాణ్యము’ అను గ్రంథమునే రచించిరి. వేదాంతదేశికులవారు ‘న్యాయపరిశుద్ధి’లో ప్రమాణములను విస్తరించి విచారించిరి. భగవంతుని యందు అచంచలమైన విశ్వాసము గల ఆచార్యులే, మాటను పరీక్షించుటలో ఇంత శ్రద్ధ వహించిరి. పరీక్ష విశ్వాసమునకు విరోధి కాదని దీనివలన తెలియుచున్నది.

న్యాయభాష్యకారుడగు వాత్స్యాయనుడు ఆప్తుని లక్షణమును చెప్పుచు, విషయమును సాక్షాత్తుగా ఎరిగి, ఎరిగినదానిని ఎరిగినట్లే తెలుపగోరు వాడు ఆప్తుడనెను. ఈ లక్షణము ఋషికిని, ఆర్యునకును, మ్లేచ్ఛునకును సమానమేనని కూడ చెప్పెను. అనగా మాట చెప్పినవాడు మనవాడా పరవాడా యన్నది ప్రశ్న కాదు. ఎరిగి చెప్పుచున్నాడా, ఉన్నదున్నట్లు చెప్పుచున్నాడా యన్నదే ప్రశ్న.

మనుష్యుల మాటను చెరచు దోషములు నాలుగని శాస్త్రకారులు లెక్కించిరి. భ్రమ, ప్రమాదము, విప్రలిప్స, కరణాపాటవము. సెల్‌ఫోనులోనికి వచ్చు ప్రతి సందేశమును ఈ నాలుగింటితో తూచిచూడవచ్చును.

భ్రమ యనగా ఒకదానిని మరియొకటిగా తలచుట. చెప్పువాడు మంచివాడే, తానును నమ్మియే చెప్పుచున్నాడు, కాని పొరబడినాడు. మేనత్త పంపిన గృహవైద్యపు సందేశము ప్రాయికముగా ఈ కోవకు చెందినది. ఆమె ప్రేమలో కల్తీ లేదు. అంతమాత్రమున ఆ వైద్యము సత్యము కాదు.

ప్రమాదమను మాటకు తెలుగున ఆపద యని యర్థము రూఢమైనది. సంస్కృతమున దాని యర్థము ఏమరుపాటు. గనిలో పనిచేయువారికి ఈ రెండర్థములును ఒక్కటేనని వేరుగా చెప్పనక్కరలేదు. గడచిన సంవత్సరపు పరీక్షాప్రకటనను తేది చూడక ఈ యేటిదని స్నేహితులందరకు పంపుట ప్రమాదము. పంపినవానికి దురుద్దేశము లేదు. నష్టము మాత్రము నిజము.

విప్రలిప్స యనగా వంచింపవలెనను కోరిక. ఉద్యోగము సిద్ధముగా నున్నది, ముందుగా ఇంత రుసుము కట్టుడను ప్రకటన ఇట్టిది. దేవాలయపు వసతిగదులు, దర్శనపు టిక్కెట్లు ఇప్పింతుమని స్వామివారి చిత్రమును పెట్టుకొని వెలసిన నకిలీ వెబ్‌సైట్లు ఇట్టివి. తిరుమల తిరుపతి దేవస్థానమువారు అట్టివానిని గూర్చి భక్తులను పలుమారులు హెచ్చరించియున్నారు. దేవుని బొమ్మ యున్నదని నమ్ముట భక్తి కాదు. పర్ణశాల ముంగిట జరిగిన మోసమును మరచుట.

కరణాపాటవ మనగా సాధనము యొక్క అశక్తి. కన్ను మసకబారినవాడు దూరపు వస్తువును సరిగా చెప్పలేడు. నేటి యంత్రములకును ఈ దోషము గలదు. ఒక భాషనుండి మరియొక భాషకు యంత్రము చేసిన అనువాదము ఒక్కొక్కచోట అర్థమును తలక్రిందులు చేయును. వెదకు యంత్రము మొదట చూపినది ఉత్తమమైనదే యగునన్న నియమము లేదు. ధనము చెల్లించి ముందు నిలుపుకొన్న ప్రకటన కావచ్చును.

ఈ నాలుగు ప్రశ్నలు వేయుటకు ఖరీదైన ఫోను అక్కరలేదు. ఆంగ్లపాండిత్యమును అక్కరలేదు. ఒక్క క్షణము ఆగుట మాత్రము కావలెను.

కప్పును తట్టిచూచు సర్దారు

ఆ యాగుట యెట్టిదో గోదావరిఖని బిడ్డలకు వారి యింటనే నేర్పగలవారున్నారు. భూగర్భపు గనిలో స్తంభములు విడిచి బొగ్గు తీయుచోట, కార్మికుల తలపై రాతికప్పు ఉండును. పని మొదలుపెట్టుటకు ముందు దానిని పరీక్షించుట విధి. సర్దారు ఇనుపకడ్డీతో కప్పును తట్టి చెవియొగ్గి వినును. గట్టి కప్పు ఖంగుమని పలుకును. లోపల పొర విడిపోయిన కప్పు బోలుగా, డోలువలె పలుకును. కంటికి రెండును ఒక్కతీరుగానే యుండును. తట్టినప్పుడే భేదము తెలియును. నిన్న తట్టినాము గదా యని నేడు తట్టకుండుట లేదు. తట్టుట పిరికితనమని ఎవరును నవ్వరు. తట్టక ముందుకు పోయినవాని యింటిలో ఏమి జరుగునో ఆ సీమలో తెలియనివారు లేరు.

తండ్రి ముప్పదియేండ్లు ఈ జాగ్రత్తతో బ్రతికి పిల్లలను చదివించినాడు. ఆ పిల్లవాడు చదువుల నేర్చి, చేతిలోనికి వచ్చిన ప్రతిమాటను తట్టక నమ్మినచో, తండ్రి గనిలో నేర్చిన పాఠము కుమారుని కళాశాలలో నష్టమైనట్లే గదా! అక్షరములు రాని తాత ఈ విషయమున అక్షరాస్యుడు. పట్టభద్రుడైన మనుమడు నిరక్షరుడు.

యవక్రీతుని కోరిక

నేటి విద్యార్థిలోకమునకు సంప్రాప్తమైన మరియొక ధర్మసందేహము కలదు. 2022 నవంబరులో ‘చాట్ జి.పి.టి.’ అను సాధనము లోకమునకు వెల్లడియైన నాటినుండి, ఏ ప్రశ్న వేసినను క్షణములో వ్యాసమును వ్రాసియిచ్చు యంత్రములు అందరకు అందుబాటులోనికి వచ్చినవి. కళాశాలలో ఇచ్చిన వ్యాసమును దానిచేత వ్రాయించి తన పేర సమర్పించిన తప్పేమి యని విద్యార్థి అడుగును.

మహాభారతము వనపర్వమున యవక్రీతుని కథ యున్నది. భరద్వాజపుత్రుడగు ఇతడు, గురుముఖమున చదువుట దీర్ఘకాలము పట్టునని, చదువకయే వేదములు తనకు స్ఫురింపవలెనని ఘోరతపస్సు చేసెను. ఇంద్రుడు వృద్ధబ్రాహ్మణుని రూపమున వచ్చి, గంగ యొడ్డున కూర్చుండి, పిడికెడు పిడికెడుగా ఇసుకను ప్రవాహములో వేయుచుండెను. ఏమి చేయుచున్నావని యవక్రీతు డడుగగా, గంగకు వంతెన కట్టుచున్నానని చెప్పెను. ఇది జరుగునా యని యవక్రీతుడు నవ్వెను. చదువక విద్యను పొందగోరు నీ తపస్సును ఇట్టిదేనని ఇంద్రుడు బోధించెను. అయినను యవక్రీతుడు వినలేదు. పట్టుబట్టి వరము పొందెను. విద్య వచ్చినది, విద్యతో రావలసిన వినయము రాలేదు. గర్వముతో అకార్యము చేసి నశించెను. ఆ పిమ్మట మరల జీవింపజేయబడినప్పుడు, శ్రమించి గురుసేవ చేసి చదివిన రైభ్యుడు తన్నెట్లు గెలిచెనని అతడు దేవతల నడుగగా, ఆ శ్రమయే కారణమని వారు చెప్పిరి.

వ్యాసము వ్రాయుమని ఆచార్యుడు ఆదేశించుట వ్యాసము కొరకు కాదు. అట్టి వ్యాసములు ఆయనయొద్ద కట్టలు కట్టలుగా నున్నవి. వ్రాయుచున్నప్పుడు విద్యార్థి మనస్సున జరుగు సంస్కారము కొరకు ఆయన ఆ పని చెప్పుచున్నాడు. యంత్రము వ్రాసిన వ్యాసము ఆచార్యునకు చేరును. సంస్కారము మాత్రము ఎవరికిని చేరదు.

పైగా ఆ యంత్రము ఆప్తలక్షణమునకు లోబడదు. అది విషయమును చూచి చెప్పుట లేదు. అసంఖ్యాకమైన గ్రంథములనుండి ఏ మాట తరువాత ఏ మాట వచ్చుట సంభావ్యమో గ్రహించి కూర్చుచున్నది. దానికి వంచనాబుద్ధి లేకపోవచ్చును. కాని సత్యనిష్ఠయు దానికి స్వభావసిద్ధము కాదు. లేని గ్రంథములను, జరుగని తీర్పులను సైతము గంభీరముగా పేర్కొనుట కలదు. 2023లో న్యూయార్కు న్యాయస్థానమున, అట్టి యంత్రము కల్పించి చెప్పిన తీర్పులను పరిశీలింపక సమర్పించినందుకు న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా విధింపబడినది. చదువుకొన్నవారే తట్టిచూడక కప్పు క్రిందికి పోయిరి.

అట్లని ఆ సాధనమును తాకరాదని చెప్పుట లేదు. తెలియని పదమునకు అర్థ మడుగుట, వ్రాసినదానిలో తప్పులు చూపుమనుట, కఠినవిషయమును సులభముగా వివరింపుమనుట దోషములు కావు. పరులదానిని తనదని చెప్పుటయే దోషము. దానికి చట్టముకూడ కలదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు 2018లో చేసిన నియమముల ప్రకారము, సిద్ధాంతగ్రంథములో ఇతరుల రచనతో పోలిక నూటికి 10 వంతులు మించిన దోషము. 60 వంతులు మించినచో విద్యార్థి నమోదే రద్దగును. కాని చట్టముకంటె ముందే సదాచార మొకటి యున్నది. శ్రీవైష్ణవ సంప్రదాయమున అధ్యయనారంభమున ఆచార్యుల తనియన్లను అనుసంధింతురు. ఈ మాట నా సొంతము కాదు, వారినుండి నాకు సంక్రమించినదని ఒప్పుకొని గాని గ్రంథమును ముట్టరు. నేడు పరిశోధనలో ఆధారగ్రంథములను పేర్కొనుట యను పద్ధతికి హృదయ మిదియే. అది కేవలము నియమపాలనము కాదు, కృతజ్ఞత.

ఒక ఆక్షేపణ

ఇన్ని యపాయములున్నప్పుడు యువకులను ఆ యంత్రములకు దూరముగా నుంచుటయే శ్రేయస్కరము గదా యని కొందరు పెద్దలు ఆక్షేపింతురు. ఈ యాక్షేపణలో వాత్సల్యమున్నది. కాని పూర్వవృత్తాంతమును స్మరించిన దీనికి సమాధానము దొరకును. పాణినీయశిక్ష అధములగు పాఠకులను ఆరుగురిని లెక్కించుచు, వారిలో వ్రాతప్రతిని చూచి చదువువానిని, అర్థ మెరుగక చదువువానిని చేర్చినది. అనగా నాడు తాటియాకుమీది వ్రాతయే విద్యకు ముప్పుగా తోచినది. ఆ భయము నిష్కారణము కాదు. వ్రాత వచ్చిన పిమ్మట ధారణ తగ్గినమాట నిజము. అయినను వ్రాతను ఎవరును విడిచిపెట్టలేదు. వ్రాతప్రతియే లేకున్న ఎన్ని గ్రంథములు ఈనాటికి మిగిలియుండెడివి? విడువదగినది వ్రాత కాదు, అర్థ మెరుగక చదువుట. నేడును విడువదగినది ఫోను కాదు, విచారింపక నమ్ముట.

గని బిడ్డను ఈ సాధనములకు దూరముగా నుంచిన నష్టపడువాడు అతడే. గొప్ప నగరముల కళాశాలలకు పోలేనివానికి, 2017లో ఆరంభమైన ‘స్వయం’ వేదికద్వారా దేశములోని ప్రసిద్ధాచార్యుల పాఠములు ఇంటనే లభించుచున్నవి. ఈ ద్వారమును మూయుట న్యాయము కాదు. గనిలో అపాయమున్నదని గనిని మూయలేదు. దీపమిచ్చి, కప్పును తట్టుట నేర్పి లోనికి పంపినారు.

ఇంటికి వెలుగు

ఈ విద్య యొక్క ఫలము విద్యార్థితోనే ఆగదు. ఒక గృహమును భావింపుడు. తండ్రి సింగరేణిలో పదవీవిరమణ చేసినాడు. గ్రాట్యుటీ, ప్రావిడెంటు ఫండు సొమ్ము బ్యాంకులో నున్నది. అది ముప్పదియేండ్ల చీకటికి వచ్చిన ప్రతిఫలము. అందులోనే కుమార్తె వివాహము, ఇంటి పైకప్పు ఉన్నవి. ఒక మధ్యాహ్నము ఫోను మ్రోగును. తెరమీద పోలీసు దుస్తులలో ఒకడు కనబడి, నీ పేర నేరము నమోదైనది, నిన్ను ‘డిజిటల్ అరెస్టు’ చేసితిమి, ఎవరితోను మాటాడవలదు, ఈ ఖాతాకు సొమ్ము పంపుమని గద్దించును. ఆ వృద్ధుడు వణకిపోవును. గనిలో కప్పు కూలునేమోనన్నప్పుడు వణకని చేతులు ఇప్పుడు వణకును.

యుద్ధకాండలో విద్యుజ్జిహ్వుడను మాయావిచేత రావణుడు శ్రీరాముని శిరస్సువంటి మాయాశిరస్సును చేయించి, సీత యెదుట పెట్టించెను. అంతటి వివేకవతియు ఆ దృశ్యమును చూచి కుప్పకూలి విలపించినది. ప్రియమైనవారికి ఆపద యని చూపినప్పుడు బుద్ధి నిలువదు. మాయావికి ఆ రహస్యము తెలియును. అప్పుడు సరమ యను రాక్షసవనిత చేరవచ్చి, ఇది మాయయని చెప్పి, రాముడు క్షేమముగా నున్నాడని నిజము తెలిపి ఓదార్చినది. ఆ సమయమున సీతకు కావలసినది శౌర్యము కాదు. ప్రక్కన నిలిచి నిజము చెప్పు ఒక మనిషి.

ఆ యింటి విద్యార్థి అట్టి మనిషి కాగలడా? కాగలిగిననే అతని చదువు చదువు. భారతీయ చట్టములలో ‘డిజిటల్ అరెస్టు’ అను శిక్ష గాని పద్ధతి గాని లేదని అతడు ఎరిగియుండవలెను. ఆ ఫోనును కట్టివేసి, వాడు చెప్పిన సంఖ్యకు గాక, తానుగా వెదకి తెలిసికొన్న పోలీసు ఠాణా సంఖ్యకు మాటాడవలెను. సొమ్ము అప్పటికే పోయినచో సిగ్గుపడి దాచక, తక్షణమే 1930 సంఖ్యకు తెలుపవలెను. ఎంత త్వరగా తెలిపిన, ఆ సొమ్మును మధ్యలో నిలుపుటకు అంత యవకాశము. తండ్రిని నిందింపరాదు. సీతయే మోసపోయినప్పుడు మానవుడు మోసపోవుట వింత కాదు.

అంతకంటె ముఖ్యమైన కర్తవ్యము వేరొకటి గలదు. తల్లి ఫోనుపట్టుకొని ఇదేమిటిరా యని అడిగినప్పుడు, ఇటిమ్మని లాగుకొని తానే రెండు క్షణములలో చేసియిచ్చు పిల్లలే హెచ్చు. అది సహాయమువలె కనబడును. కాని ఆ తల్లి మరునాడును అడుగవలసినదే. శ్రీమద్భాగవతము తృతీయస్కంధమున కపిలభగవానుడు తన తల్లియగు దేవహూతికి తత్త్వము నుపదేశించెను. తల్లి అడుగుటకు సిగ్గుపడలేదు, కుమారుడు విసుగుకొనలేదు. తెలిసినది మాత్రమే గొప్ప కాదు, తెలియనివారికి ఓర్పుతో తెలియజెప్పుట గొప్ప. దినమునకు ఒక్క పావుగంట తల్లిప్రక్కన కూర్చుండి, ఈ సందేశ మెవరు పంపినారో యిట్లు చూడవలెను, ఈ సంఖ్యను ఎవరికిని చెప్పరాదు, దీనిని తెరచుటకు ముందు నన్నడుగుమని నేర్పిన విద్యార్థి, డిజిటల్ విద్యలో పట్టా పొందినవానితో సమానుడు.

పింఛను పొందువారు తాము జీవించియున్నామని ఏటేట ధ్రువపరుపవలెను. దానికై వృద్ధులు కార్యాలయముల మెట్లెక్కు బాధ తప్పించుటకు 2014 నవంబరులో కేంద్రప్రభుత్వము ఒక డిజిటల్ పద్ధతిని ప్రవేశపెట్టినది. వ్రేలిముద్రతోనో ముఖచిత్రముతోనో ఇంటినుండియే ఆ పని ముగియును. దానికి పెట్టిన పేరు ‘జీవన్ ప్రమాణ్’. ఆచార్యులు శతాబ్దములుగా విచారించిన ‘ప్రమాణ’ శబ్దమే నేడు గనికార్మికుని పింఛనుకాగితము మీదికి వచ్చినది. ఆ వృద్ధుని వ్రేలిని పట్టుకొని, ఇది సర్కారువారిదే, నేను తట్టిచూచినాను, భయములేదు అని చెప్పగల మనుమడు ఏ గృహమున నున్నాడో, ఆ గృహమున విద్య నిలిచియున్నది.